మోకాలు ముందే రిటైరైంది

2024 జనవరి 27న మెల్‌బోర్న్‌లో రోహన్ బోపన్న, మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల డబుల్స్ గెలిచాడు. స్కోరు 7-6, 7-5. అప్పటికి అతని వయసు 43 ఏళ్ల 10 నెలలు. రెండు రోజుల తర్వాత వచ్చిన ర్యాంకుల జాబితాలో డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఆ స్థానం మొదటిసారి అందుకున్నవాళ్ళలో అంత పెద్ద వయసువాడు అంతకుముందు లేడు. పత్రికలన్నీ వయసు గురించే రాశాయి. అంతకన్నా ఆశ్చర్యం కలిగించే సంగతి మరొకటుంది. తన రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిపోయిందని బోపన్న ఎప్పుడో చెప్పేశాడు.

మన ఊళ్ళలో ఆ మాట డెబ్భై ఏళ్ల పెద్దమ్మలు చెబుతారు. మెట్లు దిగలేనప్పుడో, కింద కూర్చుని లేవలేనప్పుడో. అదే మాట చెప్పిన మనిషి గంటన్నరసేపు ఆడి గ్రాండ్‌స్లామ్ కప్పు ఎత్తాడంటే రెండే కారణాలు ఊహించగలం. అరుగుదల గురించి మనం అనుకునేదాంట్లో ఏదో లోపం ఉండాలి. లేదంటే డబుల్స్ అనే ఆటలో మనం గమనించని సుళువేదో ఉండాలి. నా లెక్కలో రెండూ నిజమే.

మోకాలి దగ్గర మొదలుపెడదాం. తొడ ఎముక కింది కొస, కాలి ఎముక పై కొస ఒకదాన్నొకటి రాచుకోకుండా రెండింటి మీదా నున్నటి పొర ఉంటుంది. మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. మనం గుజ్జు అనే దీన్ని పాఠ్యపుస్తకాలు మృదులాస్థి అంటాయి. దీనికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. ఆహారం చుట్టూ ఉన్న కీలు ద్రవం నుంచే రావాలి. కాలు మోపినప్పుడు పొర నొక్కుకుని ద్రవాన్ని వదులుతుంది, కాలు ఎత్తినప్పుడు స్పాంజిలా మళ్ళీ పీల్చుకుంటుంది. అందుకే అరుగుతుందన్న భయంతో కదలకుండా కూర్చున్న మోకాలు బాగుపడదు సరికదా, పస్తులుంటుంది.

నరాలు లేకపోవడం మరో చిక్కు. పొర అరిగేటప్పుడు నొప్పి పుట్టదు. కింది ఎముక మీద భారం పెరిగాకో, కీలు చుట్టూ ఉన్న పలచటి పొర వాచాకో నొప్పి మొదలవుతుంది. అప్పటికి జరగాల్సింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ఎక్స్‌రేలో దారుణంగా కనిపించే మోకాళ్ళతో హాయిగా తిరిగేవాళ్ళూ, ఎక్స్‌రే బాగానే ఉన్నా నొప్పితో మూలిగేవాళ్ళూ ఉండటం వెనక సంగతి ఇదే.

ఇంతకీ ఆ పొర వయసెంత? ఈ ప్రశ్నకు జవాబు అణుబాంబుల వల్ల దొరికింది. 1950ల నుంచి 1963 దాకా అగ్రరాజ్యాలు ఆకాశంలో చేసిన అణు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. ఆ తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. చెట్లు ఆ గాలిని పీల్చాయి, మనం ఆ పంట తిన్నాం. శరీరంలో ఏ కణజాలం ఏ ఏడాది తయారైందో ఆ ఏడాది గాలి గుర్తు దానిలో మిగిలిపోయింది. డెన్మార్క్ పరిశోధకులు ఈ గుర్తును పట్టుకుని 2016లో మోకాలి పొరను పరీక్షించారు. అందులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ వల ఎదిగే వయసులో అల్లుకున్నదే తప్ప, ఆ తర్వాత మారిన జాడ దాదాపు లేదు. జబ్బుపడ్డ మోకాళ్ళలోనూ అంతే. నీటిని పట్టి ఉంచే పదార్థం మాత్రం మారుతూ ఉంటుంది, వల మారదు. మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువు మధ్యభాగమూ అంతేనని అదే బృందం అంతకు మూడేళ్ల ముందే చూపించింది.

1980లో పుట్టిన బోపన్న కొడగు కాఫీ తోటల మధ్య పెరిగాడు. పదకొండేళ్లకు రాకెట్ పట్టాడు. మెల్‌బోర్న్‌లో అతన్ని నిలబెట్టిన మోకాళ్ళలో ఎంత వల మిగిలిందో కానీ, మిగిలిందంతా ఆ కుర్రతనంలో అల్లుకున్నదే. దానికి రెండో విడత సరఫరా లేదు.

ఇక ఆట సంగతి. మోకాలికి అసలు శత్రువు పరుగు అనుకుంటాం. పరుగు కన్నా కష్టం ఆగడం. పూర్తి వేగంతో పక్కకు వెళ్ళి, బంతి కొట్టి, ఒక్క అడుగులో నిలబడి, మళ్ళీ వెనక్కి తిరగాలి. ఒంటి బరువుకు ఎన్నో రెట్లు భారం ఆ ఒక్క అడుగు మీద పడుతుంది. కోర్టు పొడవు 23.77 మీటర్లు, అది ఎవరికైనా ఒకటే. వెడల్పులోనే తేడా. సింగిల్స్‌లో 8.23 మీటర్లు ఒక్కడే కాయాలి. డబుల్స్‌లో కోర్టు 10.97 మీటర్లకు పెరుగుతుంది కానీ కాసేవాళ్ళు ఇద్దరు, అంటే మనిషికి అయిదున్నర. సర్వ్ సింగిల్స్‌లో గేమ్ విడిచి గేమ్ వస్తుంది, డబుల్స్‌లో నాలుగు గేములకోసారి. 2006 నుంచి పురుషుల టూర్ డబుల్స్‌లో డ్యూస్ దగ్గర ఒకే పాయింటుతో గేమ్ తేల్చేస్తున్నారు, మూడో సెట్టు బదులు పది పాయింట్ల టైబ్రేక్ ఆడిస్తున్నారు. మ్యాచ్‌ల నిడివి తగ్గించడానికి చేసిన మార్పు ఇది. లాభపడింది మాత్రం నలభై ఏళ్ల మోకాళ్ళు.

బోపన్న సింగిల్స్‌లో ఎన్నడూ 213వ ర్యాంకు దాటి పైకి రాలేదు. అది 2007 నాటి మాట. డబుల్స్‌లో 2013 నాటికే మూడో ర్యాంకు చేరాడు. అంతకుముందే 2010లో పాకిస్తాన్ ఆటగాడు ఐసాముల్ హక్ ఖురేషీతో కలిసి యు.ఎస్. ఓపెన్ ఫైనల్ దాకా వెళ్ళాడు. ప్రతిభ లేక డబుల్స్‌కు వచ్చాడని పెదవి విరిచేవాళ్ళున్నారు. నాకా మాట నచ్చదు. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు నుంచి దిగే సర్వ్, నెట్ దగ్గర మెత్తటి చేయి ఉన్న మనిషికి ఆ రెండూ ఎక్కువ అక్కరకొచ్చే ఆట అదే.

నెట్ దగ్గర చేయి అనేశాను కానీ, అక్కడ పనిచేసేది చేతికన్నా ముందు కన్ను. నలుగురూ నెట్‌కు దగ్గరగా వచ్చేస్తే ఎదుటివాడి రాకెట్‌కూ మన రాకెట్‌కూ మధ్య దూరం ఆరేడు మీటర్లు. గంటకు తొంభై కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి ఆ దూరం పావు సెకను పైచిలుకు. కంటికి కనిపించిన దానికి చేయి కదలడం మొదలుపెట్టడానికే మామూలుగా సెకనులో అయిదో వంతు పోతుంది. మిగిలిన కాస్తలో రాకెట్ తిప్పి బంతి కింద పెట్టడం ఇంచుమించు అసాధ్యం. అయినా పెడుతున్నారంటే, బంతి బయలుదేరకముందే అది ఎటు వస్తుందో తెలిసి ఉండాలి. ప్రయోగశాలల్లో దీన్ని పరీక్షించే పద్ధతి సులువైనదే. ఎదుటి ఆటగాడు బంతి కొట్టబోయే దృశ్యం చూపిస్తూ, రాకెట్ తగలడానికి ముందే తెర ఆర్పేస్తారు. బంతి ఎటు పోతుందో చెప్పమంటారు. కొత్తవాళ్ళవి కాకిలెక్కలు. ఆరితేరినవాళ్ళు భుజం, నడుము, మణికట్టు చూసి ఎక్కువసార్లు సరిగ్గానే చెబుతారు. ఈ తెలివిడి వేల మ్యాచ్‌ల మీద కూడుతుంది. గుండె ఊపిరితిత్తుల సత్తా ముప్ఫై తర్వాత పదేళ్లకో మెట్టు దిగుతుంటుంది, చురుకైన కండర తంతువులు సన్నబడతాయి. ఈ చదివే విద్య మాత్రం నలభైలోనూ పెరుగుతూనే ఉండొచ్చు. డబుల్స్‌లో దానికి గిరాకీ ఎక్కువ.

బెంగళూరు మహదేవపురలో ఈ ముందుచూపుకు తిరకాసు రూపం ఒకటి చూడొచ్చు. ఔటర్ రింగ్ రోడ్డుకూ వైట్‌ఫీల్డ్‌కూ మధ్య, హూడి చుట్టుపక్కల, గరుడాచార్ పాళ్య మెట్రో దాటాక ఏ పెద్ద అపార్ట్‌మెంట్లోకి వెళ్ళినా ఒక పచ్చరంగు కోర్టు కనిపిస్తుంది. శనాదివారాల పొద్దున స్లాట్ దొరకడమే గొప్ప కాబట్టి నలుగురేసి ఆడతారు. గుంటూరు, నెల్లూరు, అనంతపురం నుంచి ఐటీ ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఇల్లు కొనుక్కున్న నలభై దాటినవాళ్ళే ఎక్కువ. బంతి ఇద్దరి నడిమధ్య నుంచి వస్తుంది. "నీదే బావా" అని ఒకరు, "నీదనుకున్నా" అని ఇంకొకరు. బంతి వెనక కంచెకు తగిలి ఆగుతుంది. వృత్తి ఆటగాళ్ళు ఆ మధ్య బంతి ఎవరిదో మ్యాచ్‌కు ముందే అనుకుని వస్తారు, మామూలుగా ఫోర్‌హ్యాండ్ మధ్యలోకి ఉన్నవాడిది. మనవాళ్ళు ఇద్దరూ వదిలేస్తారు, లేదా ఇద్దరూ దూకుతారు.

ఆ నలుగురిలో ఒకరి మోచేతి కింద నల్లటి పట్టీ తప్పక ఉంటుంది. టెన్నిస్ ఎల్బో. బోపన్నకు మోకాలు పోయింది, మాకు మోచేయి పోయింది, లెక్క సరిపోయిందని నవ్వుకుంటారు. లెక్క సరిపోలేదు. మణికట్టును వెనక్కి ఎత్తి పట్టే కండరం ఒకటి మోచేతి బయటివైపు ఎముక బొడిపెకు సన్నటి స్నాయువుతో అతుక్కుని ఉంటుంది. బ్యాక్‌హ్యాండ్‌లో బంతిని ఆలస్యంగా, మణికట్టు వంగిపోయి ఉండగా కొడితే రాకెట్ అదురు మొత్తం ఆ అతుకు మీద పడుతుంది. వృత్తి ఆటగాళ్ళు తుంటి నుంచి భుజం దాకా తిప్పి కొడతారు కాబట్టి ఈ బాధ వాళ్ళకన్నా వారాంతపు ఆటగాళ్ళకే ఎక్కువ. ముప్ఫై అయిదు నుంచి యాభై అయిదు మధ్య వయసే దీని సీజను. తమాషా ఏమిటంటే ఈ నొప్పి వచ్చేవాళ్ళలో అత్యధికులు రాకెట్ ముట్టనివాళ్ళు. బట్టలు పిండేవాళ్ళకు, స్క్రూడ్రైవర్ తిప్పేవాళ్ళకు, రోజంతా మౌస్ పట్టుకునేవాళ్ళకు వస్తుంది. మహదేవపురలో అది రాకెట్ వల్ల వచ్చిందా, ఆఫీసు వల్ల వచ్చిందా అని విడదీయడం ఫిజియోథెరపిస్టుకు కూడా కష్టమే.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని వచ్చే శనివారానికి కోర్టులో దిగిపోవాలన్న తొందర ఇక్కడ చాలామందికి ఉంది. ఇంజెక్షన్‌తో కొన్ని వారాల్లో నొప్పి తగ్గడం నిజం. ఏడాది తర్వాత చూస్తే వేయించుకున్నవాళ్ళ కన్నా వ్యాయామం చేసినవాళ్ళూ, చివరికి ఏమీ చేయకుండా ఓపిక పట్టినవాళ్ళూ మెరుగ్గా ఉన్నారని ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్షలు తేల్చాయి. నిదానంగా బరువు పెంచుకుంటూ ఆ కండరాన్ని గట్టిపరచడమే దారి. దానికి నెలలు పడుతుంది.

ఈ ఓపిక వృత్తి ఆటగాడికి ఉండదు, ఉండనివ్వరు. టెన్నిస్ ర్యాంకులు గడచిన 52 వారాల పాయింట్ల మీద నడుస్తాయి. ఆడకపోతే నిరుటి పాయింట్లు వారం వారం రాలిపోతాయి. ఆరు నెలలకు తక్కువ గాయానికి ర్యాంకు కాపాడే ఏర్పాటు లేదు. దాంతో రెండు నెలల విశ్రాంతి అవసరమైన మణికట్టు రెండు వారాలకే మళ్ళీ కోర్టులో ఉంటుంది.

మణికట్టు అనగానే సానియా మీర్జా గుర్తు రావాలి. హైదరాబాద్‌లో ఆరేళ్లకే ఆట మొదలుపెట్టి, 2005 ఫిబ్రవరిలో అదే ఊళ్ళో డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది. భారత మహిళల్లో అది మొదటిది. 2007 ఆగస్టులో సింగిల్స్ 27వ ర్యాంకు. ఏడాది తిరక్కముందే కుడి మణికట్టు మొరాయించింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మ్యాచ్ మధ్యలో ఆడలేక తప్పుకుంది. ఆమె ఫోర్‌హ్యాండ్ ఆ రోజుల్లో మహిళల టెన్నిస్‌లోకెల్లా బలమైన దెబ్బల్లో ఒకటి. బంతి రాకెట్‌ను తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతులు నాలుగైదు. ఆ క్షణంలో వచ్చే కుదుపును మణికట్టు చిన్న ఎముకలూ, వాటి చుట్టూ ఉన్న స్నాయువులూ మోయాలి. మణికట్టుకు తొడలాంటి కండ లేదు. మోకాలి గుజ్జు పోయినా తొడ కండరం కొంత భారం పంచుకుంటుంది, మణికట్టుకు అలా ఆదుకునేవాళ్ళు లేరు.

మణికట్టుకూ రెండు మోకాళ్ళకూ కలిపి మూడు ఆపరేషన్లు అయ్యాక, 2013లో ఆమె సింగిల్స్ వదిలేసింది. అప్పటికి ఇరవై ఆరేళ్లు. నిజానికి సానియా మొదటి రిటైర్మెంట్ అది. పదేళ్ల తర్వాత జరిగిందానికి జనం పూలదండలు వేశారు కానీ, దీన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఆ తర్వాతి లెక్క చూడండి. ఆమె ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళలో నాలుగు సింగిల్స్ మానేశాక వచ్చినవే. 2015 ఏప్రిల్‌లో డబుల్స్ నంబర్ వన్ అయింది. మార్టినా హింగిస్‌తో కలిసి వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచింది. ఆ హింగిస్ కథా ఇలాంటిదే. చీలమండల నొప్పితో 22 ఏళ్లకే ఒకసారి రిటైరై, మళ్ళీ వచ్చి, మళ్ళీ వెళ్ళి, మూడోసారి డబుల్స్ కోసం వచ్చి, 2017లో నంబర్ వన్ స్థానంలో ఉండగా సెలవు తీసుకుంది.

శరీరం మొత్తం ఒకేరోజు రాజీనామా ఇవ్వదు. ముందు ఒక కీలు, తర్వాత ఒక స్నాయువు, ఎక్కడో చివర్లో ఊపిరి. సింగిల్స్‌కు అన్నీ హాజరు కావాలి. డబుల్స్‌లో గైరుహాజరైనవాటిని దాచుకుని, ఉన్నవాటితో నెట్టుకురావచ్చు. అమెరికా డబుల్స్ ఆటగాడు బాబ్ బ్రయన్ 2018లో తుంటికి లోహపు కీలు వేయించుకుని, మరుసటి ఏడాది కవల సోదరుడితో కలిసి మయామీ టైటిల్ గెలిచాడు. అదే ఆపరేషన్ 2019లో ఆండీ ముర్రే చేయించుకున్నాడు. సింగిల్స్‌లో మళ్ళీ గెలిచాడు కానీ పాత ఎత్తుకు చేరలేదు. చివరి మ్యాచ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడాడు, అది డబుల్స్. ఫెదరర్ కూడా వరుస మోకాలి ఆపరేషన్ల తర్వాత 2022లో డబుల్స్ ఆడి సెలవు తీసుకున్నాడు, పక్కన నాదల్.

బోపన్న దాచుకున్న తీరు కొంచెం వేరు. నొప్పి మాత్రలు మింగుతూ ఆడిన కాలం తర్వాత, కోవిడ్ రోజుల్లో అయ్యంగార్ యోగా పట్టుకున్నాడు. ఆ పద్ధతికి మూలపురుషుడు బి.కె.ఎస్. అయ్యంగార్ 1918లో కోలారు జిల్లా బెళ్ళూరులో పుట్టాడు. మహదేవపుర నుంచి కె.ఆర్. పుర మీదుగా ఓల్డ్ మద్రాస్ రోడ్డు పట్టుకుంటే హోసకోటె దాటాక వచ్చే ప్రాంతం, తెలుగు ఇళ్ళు ఎక్కువగా ఉండే నేల. తాళ్ళు, చెక్క దిమ్మెలు, కుర్చీలు ఊతంగా పెట్టి ఒక్కో భంగిమలో చాలాసేపు నిలిపే యోగా అది. యోగా వల్ల గుజ్జు తిరిగి పెరగదు, ఆ ప్రచారం నమ్మకండి. కార్బన్-14 లెక్క మార్చే ఆసనం ఇంకా పుట్టలేదు. తొడ ముందు కండరమూ పిరుదుల కండరాలూ గట్టిపడి, మోకాలు సరైన వరుసలో వంగడం నేర్చుకుంటే, ఆగే అడుగులో ఎముకకు పోయే భారంలో కొంత కండరం తీసుకుంటుంది. సర్వ్‌కూ అది అవసరమే. సర్వ్ బలంలో సగం పైగా కాళ్ళ నుంచీ నడుము నుంచీ వస్తుంది. కాళ్ళు ఇవ్వాల్సింది ఇవ్వకపోతే ఆ అప్పు భుజం తీర్చాలి.

2021 మొదటి నెలల్లో వరుస ఓటముల మధ్య ఆట మానేద్దామా అనుకున్నట్టు బోపన్నే తర్వాత చెప్పాడు. 2023 మార్చిలో ఇండియన్ వెల్స్ టోర్నీ గెలిచాడు. ఆ ఏడాది యు.ఎస్. ఓపెన్ ఫైనల్, మరుసటి ఏడాది మెల్‌బోర్న్, ఆపైన మయామీ. మొదటి పురుషుల డబుల్స్ గ్రాండ్‌స్లామ్ కోసం అతను బరిలో దిగడం మెల్‌బోర్న్‌లో 61వ సారి. 2025 నవంబర్ 1న, 45 ఏళ్ల వయసులో, పారిస్ టోర్నీ అయ్యాక ఇక చాలన్నాడు.

మెల్‌బోర్న్ గెలుపుకు సరిగ్గా ఏడాది ముందు, 2023 జనవరి 27న, అదే రాడ్ లేవర్ అరీనాలో బోపన్న, సానియా కలిసి మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్ ఆడారు. ఓడిపోయారు. ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు మిక్స్‌డ్ డబుల్స్‌లో మొదటి జోడీ అతనే. ఆ మెల్‌బోర్న్ టోర్నీ ఆమెకు ఆఖరి గ్రాండ్‌స్లామ్. అసలు 2022లోనే ఆపేయాలనుకుంది కానీ ఆ ఆగస్టులో మోచేతి దగ్గర స్నాయువు కాస్త చిరగడంతో యు.ఎస్. ఓపెన్ పోయింది. గాయంతో ఆట ముగించడం ఇష్టంలేక కొన్ని నెలలు పొడిగించింది. 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో చివరి మ్యాచ్, మార్చి 5న హైదరాబాద్ ఎల్.బి. స్టేడియంలో వీడ్కోలు ప్రదర్శన. దానికి బోపన్న కూడా వచ్చి ఆడాడు.

ఆట ఆపేశాక శరీరం ఏం తిరిగిస్తుంది, ఏం ఉంచుకుంటుంది? ఊపిరి సత్తా నెలల్లో జారుతుంది. కండ అంతకన్నా నెమ్మదిగా. అరిగిన గుజ్జు అరిగినట్టే ఉంటుంది. ఎముక సంగతి వేరు. రాకెట్ పట్టిన చేతి ఎముక రెండో చేతి ఎముక కన్నా దళసరిగా తయారవుతుంది. రజస్వల కాకముందే ఆట మొదలుపెట్టిన అమ్మాయిల్లో ఈ తేడా, పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్ళ కన్నా రెండింతలని ఫిన్లాండ్ పరిశోధకులు 1995లో చూపించారు. తర్వాత వాళ్ళే ఆట తగ్గించేసినవాళ్ళను మళ్ళీ కొలిచారు. ఏళ్లు గడిచినా ఆ అదనపు ఎముక చాలావరకు అలాగే ఉంది. ఆరేళ్లకు రాకెట్ పట్టినవాళ్ళ రెండు చేతుల ఎక్స్‌రేలు పక్కపక్కన పెడితే, ఏ చేత్తో ఆడేవారో చెప్పడానికి డాక్టరుకు అడగాల్సిన పని ఉండకపోవచ్చు.